రియో గ్రాండే ఒడ్డు రాంచ్‌లకు అమెరికా సర్కారు భూసేకరణ: అమ్మేవాడి వైపు నుంచి సమీక్ష

వేగానికి అయిదుకు అయిదు. కాగితాల స్పష్టతకు నాలుగు. ధరకు ఒకటిన్నర. బేరమాడే అవకాశానికి ఒకటి, అదీ మీరు ముందే సిద్ధంగా ఉంటేనే.

టెక్సస్ దక్షిణ కొసన స్టార్, హిడాల్గో, కామెరాన్, వెబ్ కౌంటీల్లో, మెక్సికోకు సరిహద్దైన రియో గ్రాండే నది వెంట పశువుల రాంచ్ ఉన్న కుటుంబానికి, అమ్మే ఉద్దేశం లేకపోయినా ఎదురయ్యే కొనుగోలుదారు ఫెడరల్ ప్రభుత్వం. సరిహద్దు గోడకు ఆ ప్రభుత్వం భూమి తీసుకునే పద్ధతిని ఒక సేవ అనుకుని, భూమి పోగొట్టుకునేవాడి పక్కన నిలబడి వేసిన మార్కులివి. 2006 సెక్యూర్ ఫెన్స్ చట్టంతో పెద్దఎత్తున మొదలైన ఈ వ్యవహారం 2021 జనవరిలో ఆగినట్టు కనిపించింది. 2025 జులైలో గోడకు 46.5 బిలియన్ డాలర్లు కేటాయించాక మళ్లీ ఊపందుకుంది. మనవాళ్లలో కూడా నలుగురైదుగురు కలిసి ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ) పెట్టుకుని టెక్సస్‌లో ఎకరాల లెక్కన భూములు కొనేవాళ్లున్నారు. నది వైపు చవగ్గా ఉందని చూసేవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి.

మొదట వచ్చేది సర్వేకు అనుమతి అడిగే ఉత్తరం. భూమిలో అడుగుపెట్టి కొలతలు తీసి, మట్టి నమూనాలు తవ్వుకోవడానికి అనుమతి, మామూలుగా 12 నెలలకు. సంతకం పెట్టకపోతే ఆ తాత్కాలిక హక్కు కోసమే కోర్టులో కేసు వేస్తారు. దానికి వాళ్లు కట్టే పరిహారం చాలా కేసుల్లో 100 డాలర్లు. కాబట్టి నిరాకరిస్తే కొంత కాలం దొరుకుతుంది తప్ప పని ఆగదు. ఆ కాలం మీకు భూమి విలువ కట్టే అప్రైజర్‌ను, లాయర్‌ను వెతుక్కోవడానికి పనికొస్తే మంచిదే. సంతకం పెట్టేట్టయితే మాత్రం షరతులు రాతలో పెట్టించండి: వచ్చే ముందు కబురు చెయ్యాలి, తెరిచిన గేటు మూయాలి, తవ్విన గుంతలు పూడ్చాలి, కంచె తెగితే బాగుచెయ్యాలి, సర్వే మ్యాపు కాపీ ఇవ్వాలి. అన్నీ ఒప్పుకోరు. మ్యాపు కాపీ కోసం మాత్రం పట్టుబట్టండి. గోడ గీత ఎక్కడ పడుతుందో ముందుగా తెలిసేది దాంట్లోనే.

అసలు దెబ్బ 1931 నాటి డిక్లరేషన్ ఆఫ్ టేకింగ్ చట్టం. ప్రభుత్వం ఒక ప్రకటన కోర్టులో దాఖలు చేసి, తన లెక్క ప్రకారం పరిహారం అనుకున్న మొత్తాన్ని జమ చేసిన క్షణమే భూమి టైటిల్ (యాజమాన్య హక్కు) ప్రభుత్వానికి వెళ్లిపోతుంది. విచారణ, తీర్పు, అవార్డు (పరిహారం ఖరారు) అన్నీ తర్వాతి మాట. ముందు నోటిఫికేషన్, తర్వాత అభ్యంతరాలు, ఆ తర్వాత అవార్డు అనే మన వరుసకు అలవాటుపడ్డవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. వేగానికి అయిదు మార్కులు ఇందుకే. ఆ వేగం ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

ఆ ప్రకటనకు ఎ నుంచి జి దాకా ఏడు షెడ్యూళ్లుంటాయి. ఎ అధికారం, బి ప్రయోజనం, సి భూమి వివరణ, డి మ్యాపు, ఇ తీసుకుంటున్న హక్కు, ఎఫ్ డబ్బు, జి హక్కుదారుల పేర్లు. అందరూ ముందు ఎఫ్ తిప్పి చూస్తారు. చూడాల్సింది ఇ. తీసుకుంటున్నది పూర్తి హక్కా, ఈజ్‌మెంటా (యాజమాన్యం మీకే వదిలి వాడుకునే హక్కు మాత్రమే), ఖనిజాలు మీకు వదిలారా, నీటి హక్కులు మినహాయించారా, గోడ అవతలి భూమికి దారి రాసిచ్చారా అన్నది అక్కడే ఉంటుంది. దిగువ రియో గ్రాండేలో నీటి హక్కు భూమి నుంచి విడిగా, ఎకరా-అడుగుల (ఎకరా మీద అడుగు లోతు నీళ్లు) లెక్కన, నీటి పంపకం చూసే అధికారి వాటర్‌మాస్టర్ దగ్గర నమోదై ఉంటుంది. భూమి పోయినా ఆ హక్కు మీదే కావచ్చు. కానీ పంపు దగ్గరికి వెళ్లే దారి ఇ షెడ్యూల్లో లేకపోతే కాగితం మీది నీళ్లు పశువులు తాగవు. "గేటు ఉంటుందిలెండి" అని ఏ అధికారి నోటితో చెప్పినా దానికి విలువ లేదు.

నోటీసు అందాక జవాబు దాఖలు చేయడానికి ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ 71.1 నియమం ఇచ్చే గడువు 21 రోజులు. భూసేకరణ మీద అభ్యంతరాలన్నీ ఆ జవాబులోనే ఉండాలి, అందులో లేనిది వదులుకున్నట్టే. గడువు దాటితే పరిహారం మీద సాక్ష్యం ఇచ్చే హక్కు మిగులుతుంది కానీ, సేకరణకు ఒప్పుకున్నట్టు లెక్క. జ్యూరీ విచారణ కావాలన్నా అడగాలి. భూమి ఎల్‌ఎల్‌సీ పేరున ఉంటే సభ్యుల్లో ఒకరు కోర్టుకు వెళ్లి తామే మాట్లాడతామంటే కుదరదు, ఫెడరల్ కోర్టులో సంస్థ తరఫున లాయరే హాజరవ్వాలి.

సేకరణనే ఆపుదామని చేసే పోరాటానికి మా సలహా: ఆశ పెట్టుకోకండి. 2008లో బ్రౌన్స్‌విల్ జడ్జి ఆండ్రూ హేనెన్ భూస్వాములతో సంప్రదించే బాధ్యత ప్రభుత్వానికి ఉందని చెప్పారు, కానీ సేకరణ ఆగలేదు. ప్రజా ప్రయోజనం అనే మాటకు అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన అర్థం చాలా విశాలం. 2021లో కొత్త అధ్యక్షుడు పని ఆపమన్నాక కూడా, ఆ ఏప్రిల్‌లో హిడాల్గో కౌంటీలో ఒక కుటుంబానికి చెందిన ఆరున్నర ఎకరాలను ప్రభుత్వానికి స్వాధీనం చేస్తూ ఆదేశం వచ్చింది. ఇక మిగిలేది పరిహారం అంకె ఒక్కటే. శక్తంతా దాని మీద పెట్టండి.

ఆ అంకెలో ఎక్కువ వాటా గోడ కింద పోయే పట్టీది కాదు, మీ దగ్గర మిగిలే భూమిది. 1970 సరిహద్దు ఒప్పందం ప్రకారం వరద మళ్లేలా నది వరద మైదానంలో కట్టడాలు కట్టకూడదు. అందుకే చాలాచోట్ల గోడ నీటి అంచున కాకుండా వెనక్కి జరిగి కరకట్ట మీద లేచింది. నదికీ గోడకూ మధ్య వందల ఎకరాలు అమెరికా భూమి అయి ఉండీ గోడకు అవతల పడింది. దీన్ని లెక్కలో చూడాలి. మైలు పొడవున 150 అడుగుల వెడల్పు పట్టీ అంటే 18.18 ఎకరాలు. ఉదాహరణకు 500 ఎకరాల రాంచ్, ఎకరా 5,000 డాలర్లు అనుకుందాం. పట్టీ విలువ సుమారు 91,000. ప్రభుత్వపు మొదటి అంకె ఈ దరిదాపుల్లోనే తచ్చాడుతుంది. ఇప్పుడు అవతల పడ్డది 200 ఎకరాలు, దాని విలువ 40 శాతం పడిందనుకోండి: 4,00,000. ఇవతల మిగిలిన 281.8 ఎకరాలు నదిని కోల్పోయి 10 శాతం తగ్గితే 1,40,900. మొత్తం 6,31,900. ఒకే భూమికి 91 వేలూ, ఆరు లక్షల పైచిలుకూ రెండూ నిజాయితీగా వచ్చే లెక్కలే, ఎవరు దేన్ని లెక్కలోకి తెచ్చారన్నదే తేడా. శాతాలు మేం ఉదాహరణకు పెట్టినవి. మీ భూమికి వాటిని నిలబెట్టాల్సింది మీ అప్రైజర్.

ఆ అప్రైజర్‌ను ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎల్లో బుక్ పద్ధతిలో నివేదికలు రాశారా? ఫెడరల్ సేకరణలకు వాడే మదింపు ప్రమాణాల పుస్తకానికి వాడుక పేరు అది. సేకరణకు ముందు మొత్తం విలువ, తర్వాత మిగిలినదాని విలువ, రెంటికీ తేడా అన్నది దాని సూత్రం. ఇళ్ల అప్పులకు మదింపు చేసే అప్రైజర్ దాన్ని పాటించకపోతే ప్రభుత్వ లాయరు నివేదికను జ్యూరీ ముందుకే రానివ్వడు. ప్రభుత్వ అప్రైజర్ వచ్చిన రోజు వెంట నడిచే హక్కు, ప్రభుత్వ భూసేకరణ పద్ధతిని చెప్పే 1970 యూనిఫాం చట్టం యజమానికి ఇచ్చింది, వాడుకోండి. నీటి తొట్లు, బోరు, పంపు, లోపలి కంచెలు, పశువుల్ని లారీకెక్కించే కొట్టం, మెరక రోడ్డు, ఏవీ ఆయన కంట పడకుండా పోకూడదు. ఒక్క జాగ్రత్త: గోడ వార్తతో చుట్టుపక్కల ధరలు పడిపోయినా, పెరిగినా ఆ ప్రభావాన్ని పక్కనపెట్టి విలువ కట్టాలి. కాబట్టి మీరు తెచ్చే పోలిక అమ్మకాలు ప్రాజెక్టు మాట రాకముందువైతే గట్టిగా నిలుస్తాయి.

మిగిలిన భూమి ఎందుకు దిగజారిందో పశువుల భాషలో చెప్పగలగాలి. గోడ అవతలి మేతకు దారి ఒకటో రెండో గేట్లు, వాటికి కోడ్ నంబరు. కరెంటు పోయినప్పుడు గేటు ఎలా తెరుచుకుంటుంది, కోడు మారిస్తే ఎవరు చెబుతారు, పశువుల ట్రైలరూ ఎండుగడ్డి యంత్రమూ దూరే వెడల్పు ఉందా, గేటు దగ్గర ట్రైలర్ తిరగడానికి స్థలముందా, నిప్పంటుకుంటే ఫైరింజన్ ఎంతసేపట్లో లోపలికి వస్తుంది? ఇవతలి మందకు నది తెగిపోతే ఎక్కడి నుంచి నీళ్లు? కొత్త బోరు, పైపులైను, తొట్టి ఖర్చు కొటేషన్‌తో సహా ఫైల్లో ఉండాలి. దీనికి తోడు డెల్ రియో నుంచి బ్రౌన్స్‌విల్ దాకా నది వెంట క్యాటిల్ ఫీవర్ పిడుదుల క్వారంటైన్ జోన్ ఉంది. అక్కడి పశువును తనిఖీ, మందు స్నానం లేకుండా బయటికి తరలించకూడదు. మంద రెండుగా చీలితే ఒక్కో ముక్కలో పశువుల్ని విడిగా పోగేసి, విడిగా తనిఖీ చేయించాలి. ఈ అదనపు కూలీ, రోజులు పట్నపు అప్రైజర్‌కు తట్టవు. మీరే రాసివ్వండి. యజమాని తన భూమి విలువ మీద తానే సాక్ష్యం చెప్పొచ్చు కూడా, కాకపోతే "నాకనిపిస్తోంది" అంటే సరిపోదు, ఆధారం చూపాలి.

ఇక డబ్బు రానివి. తాతల నాటి అనుబంధానికి పైసా రాదు. వ్యాపార నష్టం, పోయిన లాభం లెక్కలోకి రావు. సామాను, పశువులు తరలించే ఖర్చుకు యూనిఫాం చట్టం కింద విడిగా దరఖాస్తు ఉంది, అది భూమి ధరలో కలవదు. రాంచ్‌వాళ్లను బాగా దెబ్బతీసింది 1973 నాటి ఫుల్లర్ తీర్పు. పశ్చిమ అరిజోనాలో ఒక రాంచ్‌కు సొంత భూమి 1,280 ఎకరాలు, రాష్ట్రం నుంచి లీజు 12,027 ఎకరాలు, ఫెడరల్ భూమిలో మేత పర్మిట్ 31,461 ఎకరాలకు. ఆనకట్ట కోసం సొంత భూమిలో 920 ఎకరాలు తీసుకున్నారు. పర్మిట్ భూమితో కలిసి వాడడం వల్ల సొంత భూమికి పెరిగిన విలువను పరిహారంలో కలపనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. బ్యాంకు అదే విలువను చూసి అప్పిస్తుంది, మార్కెట్లో కొనేవాడు అదే చూసి ధర పెడతాడు, సేకరణలో మాత్రం అది సున్నా. టెక్సస్‌లో ఫెడరల్ మేత భూములు తక్కువ కనుక అక్కడ దీని పోటు అంతగా ఉండదు. న్యూ మెక్సికో, అరిజోనా సరిహద్దులో కొనేవాళ్లు మాత్రం సొంత ఎకరాల్నే లెక్కపెట్టుకోండి.

టైటిల్ సంగతి. నది ఒడ్డున చాలా భూములు 1767లో స్పెయిన్ రాజ్యం పంచిన పొడవాటి సన్నని పట్టీల నుంచి వచ్చినవి. విల్లు రాయకుండా తరాలు గడిచి, ఒక్క ముక్కకు డజన్ల కొద్దీ వారసులు. అలాంటిచోట జి షెడ్యూల్లో తెలియని హక్కుదారులు అని కూడా రాస్తారు, డబ్బు కోర్టులో ఉండిపోతుంది. మన పల్లెల్లో ఉమ్మడి పట్టా తెలిసినవాళ్లకు విడమరచనక్కర్లేదు. ఉత్తరం రాకముందే వారసత్వ అఫిడవిట్లు, విభజన పత్రాలు నమోదు చేయించడం ఒక్కటే మందు.

టైటిల్ శుభ్రంగా ఉంటే కోర్టులో జమైన డబ్బును వెంటనే తీసుకోవచ్చు. తీసుకున్నంత మాత్రాన ఆ ధరకు ఒప్పుకున్నట్టు కాదు. ఇది చాలామందికి తెలియక పట్టుదలకు పోయి వదిలేస్తారు. జమైన మొత్తం మీద వడ్డీ రాదు, చివరి అవార్డు దానికి మించితే ఆ తేడా మీదే వస్తుంది. పన్ను బకాయిలు, బ్యాంకు అప్పు ముందు కోసుకుంటారు. అవార్డు జమకన్నా తక్కువగా తేలితే తేడా తిరిగి కట్టాలి, కాబట్టి అంతా ఖర్చు పెట్టేయకండి.

మన 2013 భూసేకరణ చట్టంతో పోలిస్తే ఇక్కడ సొలేషియం (బలవంతపు సేకరణకు కలిపే అదనపు మొత్తం) లేదు, గ్రామీణ భూమికి ధర పెంచే గుణకం లేదు. అక్కడ మార్కెట్ విలువ మీద నూరు శాతం కలుస్తుంది, ఇక్కడ మార్కెట్ విలువతో సరి. కాకపోతే ఇక్కడి మార్కెట్ విలువ అసలు అమ్మకాల ధర నుంచి వస్తుంది, దస్తావేజుల్లో తగ్గించి రాసిన అంకె నుంచి కాదు. ధరకు సున్నా వేయకుండా ఒకటిన్నర ఇచ్చింది అందుకు.

లాయరు ఫీజు గెలిచినా సాధారణంగా మీదే. మొదటి ప్రతిపాదనకు మించి వచ్చినదాంట్లో వాటా తీసుకునే లాయర్లు ఉంటారు. ఆ "మొదటి ప్రతిపాదన" ఏ తేదీన ఏ అంకె అన్నది ఒప్పందంలో రాయించండి. ఫీజు ప్రభుత్వం నుంచి రాబట్టే చట్టం ఒకటుంది కానీ వ్యక్తి ఆస్తి 20 లక్షల డాలర్లు, సంస్థ ఆస్తి 70 లక్షలు దాటకూడదు. రాంచ్ ఉన్న కుటుంబం భూమి విలువతోనే ఆ గీత దాటిపోతుంది. పన్ను విషయంలో అమెరికా పన్ను చట్టంలోని 1033 సెక్షన్ వాడుకోండి: వ్యాపారానికి ఉన్న భూమి పోతే, లాభం వచ్చిన పన్ను సంవత్సరం ముగిశాక మూడేళ్లలోపు అలాంటి భూమి కొంటే ఆ లాభం మీద పన్ను వాయిదా పడుతుంది. ఈ గడువు చివరి తీర్పు దాకా ఆగదు, తీసుకున్న జమ డబ్బుతోనే మొదలైపోవచ్చు. కోర్టు నుంచి చెక్కు తీసుకునే ముందే సీపీఏను (అకౌంటెంట్‌ను) కలవండి.