గుట్టు లేని కుట్టు

కొనబోయే బట్టను తిరగేసి, వెనక వైపు చూపించి, ఆ తరువాతే ధర చెప్పిన మనిషిని నా నలభై మూడేళ్లలో ఒక్కరినే చూశాను. ఆవిడ దుకాణం తెనాలికి ఏడు కిలోమీటర్ల దూరంలో, కాలువ పక్కన ఒక చిన్న ఊళ్లో ఉంది. మే నెల మధ్యలో, రోహిణి కార్తె ఇంకా రాకముందే వడగాలులు మొదలైన రోజుల్లో, విజయవాడ నుంచి నలుగురం అక్కడికి వెళ్లి రెండు రాత్రులు గడిపి వచ్చాం: నేను, అమ్మ, వదిన, తొమ్మిదో తరగతి పూర్తి చేసిన మా అమ్మాయి.

వెళ్లడానికి కారణం ఒక జాకెట్టు. ఫిబ్రవరిలో వదిన వాళ్ల అమ్మాయి పెళ్లికి బెజవాడలోనే ఒక దుకాణంలో మగ్గం పని చేయించాం. పూర్తిగా చేతి పని అని, ఇద్దరు కుర్రాళ్లు నాలుగు రోజులు కూర్చుని కుట్టారని చెప్పి 6,500 రూపాయలు తీసుకున్నారు. పెళ్లయ్యాక లోపలి లైనింగు ఒకచోట ఊడింది. అమ్మ దాన్ని పూర్తిగా విప్పి చూసింది. లోపల కాగితం లాంటి తెల్లని అతుకు గుడ్డ ఉంది. ముందు వైపు ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు దారాలు ఉంటే, వెనక అంతటా ఒకటే తెల్ల దారం. అంటే కంప్యూటర్ యంత్రం కుట్టిన కుట్టు. పూసలు మాత్రం పైన చేత్తో పెట్టారు. యంత్రపు కుట్టు తప్పని నేను అనను. కానీ దాన్ని చేతి పని పేరు చెప్పి చేతి పని ధరకు అమ్మడం దొంగతనమే. ఆ డబ్బు వదినది. అప్పటి నుంచి కుట్టు మాట ఎత్తితే చాలు, వదిన ముఖం మాడ్చుకునేది. ఈ ప్రయాణానికి కూడా మా మొహమాటానికే వచ్చింది. సెలవులంటే అరకు వెళ్లాలి గానీ, ఈ ఎండల్లో తెనాలి ఏమిటని బయలుదేరేదాకా అంటూనే ఉంది. నాతో పనిచేసే ఒకావిడ రోజూ తెనాలి నుంచి వస్తుంది. ఈ దుకాణం గురించి చెప్పింది ఆవిడే.

బస్సు గురించి ఫిర్యాదు లేదు. స్త్రీ శక్తి పథకం వచ్చాక మా నలుగురికీ టికెట్టు ఖర్చే లేదు, ఆధార్ కార్డులు చూపిస్తే సరిపోయింది. పండిట్ నెహ్రూ బస్టాండులో మధ్యాహ్నం రెండున్నరకు ఎక్కితే నాలుగింటికల్లా తెనాలిలో ఉన్నాం. దుగ్గిరాల దాకా నేను నిలబడ్డాను, అంతే. కృష్ణా కాలువలకు వేసవిలో నీళ్లు కట్టేస్తారు కాబట్టి దారి పొడవునా కాలువ అడుగున బురద, ఎండిన గుర్రపుడెక్క కనిపించాయి. కాలువ పక్కన ఊరు అనగానే నిండుగా పారే నీళ్లు ఊహించుకున్న మా అమ్మాయికి ఆశాభంగమైంది. నీళ్లు చూడాలంటే జూన్ దాటాక వెళ్లాలి.

ఇక లాడ్జి. బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరం. రెండు రోజుల ముందు నేనే ఫోను చేశాను. ఏసీ గది రోజుకు 1,500, అదనపు పరుపుకు 300, దిగినప్పటి నుంచి 24 గంటలు అన్నారు. అదే మాట రెండుసార్లు అడిగాను. గదిలో ఏసీ గాలి వీచింది గానీ చల్లబడలేదు. చెబితే, నలుగురు ఉన్నారు కదా, అందుకే అన్నాడు కుర్రాడు. దుప్పటి మీద అరచేయంత నూనె మరక. మార్చమంటే మరొకటి తెచ్చాడు, దాని మీద ఇంకో మరక. రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. జనరేటర్ మీద దీపం, ఫ్యాను మాత్రమే నడిచాయి. అమ్మ లోపల పడుకోలేక వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రెండింటిదాకా కూర్చుంది. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి. నేనే తీసుకొచ్చాను కాబట్టి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మర్నాడు ఉదయం దుకాణానికి వెళ్లి, మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి సామాను తీసుకోవడానికి తిరిగి వచ్చాం. బిల్లు చూస్తే రెండు రోజుల అద్దె 3,000, పరుపు 300, జనరేటర్ 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 630. మొత్తం 4,130. రెండో రోజు ఎక్కడిదని అడిగితే, పన్నెండు దాటింది కదా అన్నారు. ఫోనులో 24 గంటలన్నారు కదా అంటే, ఎవరన్నారో తెలియదన్నారు. మా అమ్మాయి పైకి పరుగెత్తి, గది తలుపు వెనక అంటించిన కాగితాన్ని ఫోటో తీసి తెచ్చింది. దాని మీద 24 గంటలు అని అచ్చయి ఉంది. 24 మీద పెన్నుతో గీత కొట్టి, పక్కన 12 అని రాశారు. అది చూపించినా బల్ల వెనక పెద్దమనిషి తల ఎత్తలేదు. అప్పుడు పన్ను సంగతి ఎత్తాను. గది అద్దె రోజుకు 7,500 రూపాయల లోపు ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. మీరు 18 ఎలా వేశారు, బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు ఎక్కడ అని అడిగాను. ఆ మాటకు మాత్రం ఆయన కదిలారు. బిల్లు చింపి, 3,500 అని తెల్ల కాగితం మీద రాసి ఇచ్చారు. అమ్మ ఎండలో ఆటోలో కూర్చుని ఉంది, కట్టేశాను. న్యాయంగా అయితే ఒక రోజు అద్దె, పరుపు కలిపి 1,800, పన్నుతో 1,890. నా దగ్గర 1,610 రూపాయలు అన్యాయంగా లాగారు. ఆ తెల్ల కాగితాన్ని, తలుపు ఫోటోను దాచాను. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మీరు ఏ ఊరు వెళ్లినా ఫోనులో చెప్పిన మాటను నమ్మవద్దు. అద్దె, ఎన్ని గంటలు, పన్ను ఎంత అన్నది సందేశంగా రాయించుకుని, అప్పుడు బయలుదేరండి.

ఈ మంట లోపల ఉన్నా దుకాణం గురించి రాస్తుంటే చేయి తేలికవుతోంది. తెనాలి నుంచి షేర్ ఆటోలో మనిషికి 25 రూపాయలు. విడిగా ఆటో మాట్లాడుకుంటే 250 అడుగుతారు, 180కి వస్తారు. దుకాణానికి బోర్డు లేదు, అద్దాల బీరువాలు లేవు. పెంకుటింటి అరుగు, దాని వెనక ముందుగది. గోడ పొడవునా తాళ్లు కట్టి దిండు గలీబులు, చేతి రుమాళ్లు, లేసు అంచులు వేలాడదీశారు. మధ్యలో చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, ముగ్గురు ఆడవాళ్లు నేల మీద కూర్చుని కుడుతున్నారు. యజమానురాలికి యాభై అయిదేళ్లు ఉంటాయి. పేరు, ఊరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఆవిడ పుట్టిల్లు నరసాపురం దగ్గర పల్లె. అక్కడి ఆడవాళ్ల లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పినది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ మాట నేను ఎత్తితే ఆవిడ నవ్వి, “గుర్తింపు లేసుకు వచ్చింది. అల్లే చేతికి కూలి కూడా రావాలి కదమ్మా” అన్నారు.

అమ్మ ఒక గలీబుల జత చేతిలోకి తీసుకుంది. ధర అడగబోతే, “ముందు వెనక చూడండి పిన్నిగారూ” అని ఆవిడే తిప్పి ఒళ్లో పెట్టారు. వెనక కూడా ముందున్న రంగులే. ఒక పువ్వు నుంచి పక్క పువ్వుకు దారం దాటిన చోటు, కొసకు ముడి వేయకుండా కుట్ల కిందుగా దూర్చిన చోటు, ఒక రేకు తప్పుపోతే విప్పి మళ్లీ కుట్టిన ఆనవాలు, అన్నీ వేలు పెట్టి చూపించారు. అప్పుడు చెప్పారు: “జత 900. రోజుకు రెండు మూడు గంటల చొప్పున పదకొండు రోజులు పట్టింది. కుట్టిన అమ్మాయికి 550 ఇచ్చాను. గుడ్డ, దారం 180. మిగిలిన 170 నాది.” అంతవరకు గుమ్మం దగ్గర ముడుచుకుని కూర్చున్న వదిన లేచి దగ్గరికి వచ్చింది.

నేను లెక్క వేసుకున్నాను. గంటకు ఇరవై రూపాయలు. మనసు ఒప్పక ఆ మాటే అడిగాను. ఆవిడ దాచలేదు. “నిజమే. 1,500 పెట్టి చూశాను, ఆరు నెలలు తాడు మీదే ఉంది. యంత్రం కుట్టినవి బజారులో 300కి దొరుకుతుంటే ఎవరు కొంటారు? వంట, పిల్లల పని అయ్యాక కుట్టుకుంటారు కాబట్టి సరిపెట్టుకుంటున్నారు” అన్నారు. అందుకే చెబుతున్నాను, అక్కడికి వెళితే దయచేసి బేరం ఆడవద్దు. మీరు తగ్గించే వంద ఆవిడ 170లోంచి పోవాలి, లేకపోతే కుట్టిన చేతిలోంచి పోవాలి.

వదిన తన సంచిలోంచి ఆ పెళ్లి జాకెట్టు తీసింది. తెచ్చిందని నాకూ తెలియదు. ఆవిడ దాన్ని వెలుతురులో పట్టుకుని, కుట్టు ఎక్కడా ఎక్కువ తక్కువ లేకుండా ఒకే కొలతగా సాగడం, ఎడమ చేతి నెమలికీ కుడి చేతి నెమలికీ పిసరంత తేడా లేకపోవడం చూపించారు. చేత్తో కుడితే రెండు నెమళ్లు అక్కచెల్లెళ్లలా ఉంటాయి గానీ, ఒకే మనిషిలా ఉండవన్నారు. వెనక వైపు లైనింగుతో మూసి ఇస్తే, మూయకముందు చూపించమని అడగాలట. లేసుకు ఈ బెడద తక్కువ. కొక్కెం సూదితో ఉచ్చులోంచి ఉచ్చు లాగే ఆ అల్లిక చేతికే సాధ్యం, యంత్రపు లేసు దాని రూపాన్ని మాత్రమే అనుకరిస్తుంది. ముట్టుకుంటే ఆ ముడుల మందం తెలిసిపోతుంది. వదిన అన్నీ విని, మూడు నెలలుగా పట్టుకున్న ఆ జాకెట్టును మడిచి సంచి అడుగున పెట్టేసింది.

తరువాత అమ్మకూ ఆవిడకూ గొడవ మొదలైంది. కుట్టు దారపు లచ్ఛిలో ఆరు పోగులుంటాయి, పనిని బట్టి విడదీసుకోవాలి. ఆకు అంచుకు కాడ కుట్టు వేసేటప్పుడు ఆవిడ మూడు పోగులు వాడతారు. రెండే చాలని, మూడు వేస్తే ఆకు మొద్దుబారుతుందని అమ్మ. ఉతుకులకు నిలవాలంటే మూడు ఉండాలని ఆవిడ. చివరికి ఒక పాత గుడ్డ ముక్క మీద ఇద్దరూ చెరొక ఆకు కుట్టారు. కంటి శుక్లాల ఆపరేషన్ అయిన రెండేళ్లలో అమ్మ సూది పట్టలేదు. దారం మా అమ్మాయి ఎక్కించి ఇచ్చింది. రాత్రి నిద్ర లేని ఆ మనిషి నలభై నిమిషాలు తల ఎత్తకుండా కుట్టింది. అమ్మ ఆకు సన్నగా తమలపాకు కొసలా వచ్చింది, ఆవిడది గట్టిగా మామిడాకులా వచ్చింది. ఎవరూ ఓటమి ఒప్పుకోలేదు. ఆ ముక్కను ఆవిడ గోడ తాడుకు తగిలించారు.

మా అమ్మాయిని పట్టి ఉంచింది అచ్చు వేసే పద్ధతి. పారదర్శకమైన కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన నీలం పొడిని గుడ్డ ఉండతో రుద్దుతారు. కాగితం తీస్తే చుక్కల బొమ్మ దిగుతుంది. మిరపకాయల గుత్తి గీసి తనే పొడిచింది. ఫోను అప్పటి నుంచి సంచిలోనే ఉంది.

లాడ్జి సంగతి విని, ఆ రాత్రికి తమ డాబా మీది గదిలో ఉండమన్నారు ఆవిడ. ఊరికే వద్దంటే గదికి 600, మనిషికి భోజనం 100 చెప్పారు. మూడు గంటలకు వేడి అన్నం, చింతచిగురు పప్పు, గుమ్మడి వడియాలు, చివర ముంత నిండా మజ్జిగ. చింతచిగురు ఈ రెండు నెలలే దొరుకుతుంది, బెజవాడ హోటళ్లలో పప్పు పేరుతో పెట్టే పసుపు నీళ్లకూ దీనికీ పోలికే లేదు. పులుపు పప్పును మింగేయలేదు, తాలింపులో ఎండుమిరప ఘాటు వెనక నుంచి తగిలింది. వదిన మూడోసారి వడ్డించుకుంది. రాత్రి డాబా మీద దోమతెరలు కట్టి పరుపులు వేశారు. రెండింటికి చల్లగాలి లేచింది. అమ్మ గురక వినిపించింది, నేను లేచి కూర్చుని కాసేపు విన్నాను. ఆదివారం తెనాలి నుంచి మంగళగిరి వెళ్లి పానకాల స్వామి దర్శనం చేసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాం.

వెళ్లేవాళ్లు దుకాణం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర వరకు మూసి ఉంటుందని గుర్తుంచుకోండి. మా కోసం మాత్రం భోజనం వేళ దాటినా తలుపు తీశారు. ఫోనుతో డబ్బు చెల్లించవచ్చు, కార్డు పనిచేయదు. చేతి రుమాలు 120 నుంచి, జాకెట్టు మెడకు లేసు 650, ముప్పై ఆరు అంగుళాల బల్ల మీది లేసు గుడ్డ 2,400. ఆ చివరిది వదిన చేయించుకుంటోంది, 500 బయానా ఇచ్చి వచ్చింది. దసరాకు ముందు సిద్ధమవుతుందట. అమ్మ పద్నాలుగు లచ్ఛిల దారం కొనుక్కుంది. రెండు పోగులు చాలని నిరూపించే గలీబు ఒకటి ఇప్పటికే సగం కుట్టింది, వదిన లేసు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు తనే స్వయంగా తీసుకెళ్లి చూపిస్తుందట.