స్టోరేజ్ సర్వర్‌లో కోర్స్ సెట్టింగ్: మూడేళ్లు వాడాక

ఫోటో స్టూడియోల పెళ్లి ఆల్బమ్‌లు ఆన్‌లైన్‌లో చూపించే చిన్న సైట్ మాది. ఫోటోలు ఎస్3 (అమెజాన్ స్టోరేజ్ సర్వీస్) పద్ధతిలో నడిచే ఒక స్టోరేజ్ సర్వర్‌లో ఉంటాయి, సైట్ వేరే డొమైన్‌లో. స్పీడు, ధర సంగతి అందరికీ తెలిసిందే. నా పేచీ అంతా బకెట్ (ఫోటోలు పెట్టే పెద్ద ఫోల్డర్ లాంటిది) సెట్టింగ్స్‌లో ఉన్న కోర్స్ (CORS) పాలసీతోనే, అంటే వేరే ఏ డొమైన్ల పేజీలు ఈ ఫైళ్లు చదవొచ్చో బ్రౌజర్‌కి చెప్పే రూల్స్‌తో.

కొత్తలో దాన్ని తెగ మెచ్చుకున్నాను. నాలుగు లైన్ల జేసన్ రాసి సేవ్ కొడితే పనైపోయేది. రాయడం ఇప్పటికీ తేలికే, కాకపోతే తప్పు రాసినా అది నోరు మెదపదు. ఒకసారి ఆరిజిన్ (అనుమతి ఇవ్వాల్సిన సైట్ అడ్రస్) చివర స్లాష్ పడింది. హాయిగా సేవ్ చేసుకుంది. బ్రౌజర్ పంపే ఆరిజిన్‌లో ఆ స్లాష్ ఉండదు, ఇక రూల్ ఎక్కడ కలుస్తుంది! కమాండ్ లైన్ టూల్ కర్ల్‌తో అడిగితే ఫైలు చక్కగా వచ్చేది. అడ్డుపడేది బ్రౌజరే, కర్ల్‌కి ఆ పట్టింపు లేదు. ఒక పూటంతా దానికే పోయింది.

అసలు దెబ్బ పెళ్లిళ్ల సీజన్‌లో తగిలింది. కస్టమర్ గ్యాలరీలో ఫోటో చూసి క్రాప్ నొక్కితే తెల్లటి ఖాళీ డబ్బా. బ్రౌజర్ కాన్సోల్‌లో ‘యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్’ హెడర్ (సర్వర్ జవాబుతో పంపే అనుమతి చీటీ) లేదని ఎర్రక్షరాలు. నా సిస్టమ్‌లో మాత్రం ఎన్నిసార్లు చేసినా బాగానే వస్తోంది. “మీ నెట్ స్లోగా ఉందేమో చూడండి సార్” అని ఒకాయనతో అనేశాను కూడా. మూడు రోజులు పాలసీ మారుస్తూ, సేవ్ చేస్తూ కూర్చున్నాక వెలిగింది: నేను చూసేదంతా డెవ్‌టూల్స్ (బ్రౌజర్‌లోని డెవలపర్ ప్యానెల్) తెరిచి. అందులో ‘డిజేబుల్ క్యాష్’కి టిక్ ఉంది, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు (క్యాష్) వాడదు!

జరిగింది ఇదీ. గ్యాలరీలో ఉన్నది మామూలు ఇమేజ్ ట్యాగ్. దానికి బ్రౌజర్ ఆరిజిన్ హెడర్ పంపదు, సర్వర్ కూడా అనుమతి హెడర్ లేకుండానే ఫోటో ఇచ్చేస్తుంది. ఆ కాపీ క్యాష్‌లో కూర్చుంటుంది. క్రాప్ పేజీ కాన్వాస్ (పేజీలో ఫోటోను గీసి మార్చే చోటు) కోసం అదే అడ్రస్ అడిగితే క్రోమ్ ఆ పాత కాపీనే తీసి చూసి, హెడర్ లేదని తోసేస్తుంది. సర్వర్ దాకా పోనే పోదు. మరి నా పాలసీ చదివేదెవరు?

గ్యాలరీ ట్యాగ్‌లో కూడా ‘క్రాస్‌ఆరిజిన్’ అన్న ఒక్క మాట చేర్చి (దాంతో అక్కడా బ్రౌజర్ ఆరిజిన్ పంపుతుంది), పాత కాపీలు వాడకుండా అడ్రస్‌ల చివర కొత్త వెర్షన్ నంబర్ తగిలించాం. అంతటితో తగ్గింది. ఆరిజిన్ మారితే పాత కాపీ వాడొద్దని బ్రౌజర్‌కి చెప్పే ‘వేరీ: ఆరిజిన్’ హెడర్‌ను ఈ సర్వర్ అన్ని జవాబుల్లోనూ పంపి ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు. ఆరిజిన్‌తో వచ్చిన రిక్వెస్టులకే పంపుతుంది.

బ్రౌజర్ ముందుగా అడిగి తెచ్చుకున్న అనుమతిని ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే మ్యాక్స్ ఏజ్‌ను 86400 సెకన్లు, అంటే ఒక రోజు, పెట్టి మురిసిపోయిన రోజులూ ఉన్నాయి. క్రోమ్ 7200 సెకన్లు దాటి గుర్తుపెట్టుకోదని తర్వాత తెలిసింది.

మారే ఆలోచన లేదు. మాకున్నవి రెండే డొమైన్లు, పని చేసేదీ ఇద్దరమే, కాబట్టి నడిచిపోతోంది. క్లయింట్‌కో సబ్‌డొమైన్ ఇచ్చేవాళ్లకూ, సర్వర్ ముందు సీడీఎన్ (ఫైళ్ల కాపీలు దాచి పంచే సర్వర్లు) పెట్టుకున్నవాళ్లకూ నా లెక్క పనికిరాకపోవచ్చు. డెవ్‌టూల్స్‌లో ఆ టిక్ మాత్రం తీసేశాను.