అద్దెలొస్తున్న బిల్డింగ్ కొంటున్నారా? ఓనర్ చూపించే లిస్టుతో జాగ్రత్త

మాంద్యం రోజుల్లో అద్దె బిల్డింగ్ అమ్మేవాళ్లు చూపించే లిస్టులో ఉండేది ఒప్పుకున్న అద్దె, చేతికొచ్చే అద్దె కాదు. ఈ తేడా పట్టించుకోకుండా కొన్నవాళ్ల మెడకే తర్వాత బాకీలు, అడ్వాన్సుల గొడవలు చుట్టుకుంటాయి.

ఏడాది అద్దెకు 15 రెట్లు ధర కట్టారనుకుందాం. ఏటా మూడు నెలల అద్దె వదిలేస్తే గానీ ఉన్నవాళ్లు నిలవడం లేదంటే, నిజంగా వచ్చేది తొమ్మిది నెలలదే. మీరు పన్నెండు నెలలకు లెక్కగట్టి ఇస్తే, లిస్టులోని అద్దె ప్రకారం 3.75 ఏళ్ల మొత్తం ఎక్కువ పోసినట్టే.

అందుకని లిస్టు పక్కన పెట్టి 24 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ అడగండి. పోర్షన్ వారీగా, నెల వారీగా జమలు సరిచూడండి. ఎంత పడిందన్నదే కాదు, ఎవరి ఖాతా నుంచి పడిందో కూడా చూడాలి. ఏడాదంతా అరకొరగా పడి, అమ్మకానికి ముందు రెండు మూడు నెలలు మాత్రం ఠంచనుగా, అందరివీ ఒకే రోజు పడితే అనుమానించాల్సిందే. అద్దెకిచ్చామంటున్న పోర్షన్ కరెంటు బిల్లులు కూడా తిరగేయండి. నెలల తరబడి మీటర్ కదలకపోతే అక్కడ మనుషులు లేనట్టే.

అసలు చిక్కు అడ్వాన్సుల దగ్గర. అద్దె కట్టలేనివాళ్ల బాకీని చాలామంది ఓనర్లు అడ్వాన్సులోంచి సర్దేస్తారు. అప్పుడు పుస్తకంలో బాకీ సున్నా. మూడు నెలల అడ్వాన్సులో మిగిలింది ఒక నెలదే అయినా, లిస్టులో మూడు నెలలదీ అలాగే ఉంటుంది. ఇంకో రకం మోసం కూడా ఉంది: అడ్వాన్స్ మొత్తం పాత ఓనర్ దగ్గరే ఉండిపోతుంది, ఖాళీ చేసేటప్పుడు అద్దెకున్నవాళ్లు మిమ్మల్ని అడుగుతారు.

కాబట్టి ఓనర్, బ్రోకర్ పక్కన లేకుండా ఒక్కొక్కరితో మాట్లాడి, ఇవి రాయించి సంతకం తీసుకోండి: ఇప్పటి అద్దె, ఏ నెల దాకా కట్టారు, ముందే కట్టిన నెలలున్నాయా, మిగిలిన అడ్వాన్స్ ఎంత, ఓనర్ ఒప్పుకున్న రిపేర్లు, నోటీసులు, కేసులు. "ఆరు నెలలు సగం కట్టండి, మిగతాది తర్వాత చూద్దాం" అని నోటిమాటగా ఒప్పుకున్నవి ఉంటాయి. ఆ మిగతా సగం మాఫీయా, వాయిదాయా? వాయిదా అయితే ఎప్పటిలోగా, ఎన్ని విడతల్లో, ఎవరికి కట్టాలి? ఇది కాగితం మీదకు రాకుండా బయానా ఇవ్వొద్దు.

బాకీ ఉంది కదా, ఖాళీ చేయించొచ్చు అన్న ధీమా కూడా వద్దు. కోవిడ్ వల్ల 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా పడిన అద్దె బాకీని కారణంగా చూపి ఖాళీ చేయించకుండా జర్మనీ చట్టం తెచ్చింది, తీర్చడానికి 2022 జూన్ 30 వరకు గడువిచ్చింది. అద్దె మాఫీ కాలేదు, ఆ బాకీ పేరుతో ఖాళీ చేయించే దారి మాత్రం అప్పటిదాకా మూసుకుపోయింది. మీరు కొనే చోట ఇలాంటి రక్షణ ఉందేమో వకీలును అడగండి.

రిజిస్ట్రేషన్ నాడు అడ్వాన్సులన్నీ ధరలోంచి మినహాయించుకోండి. పాత బాకీలు ఎవరివో ఒప్పందంలో రాయించండి. తేలని లెక్కల మేరకు కొంత సొమ్ము కొన్నాళ్లు ఆపుకునే షరతు పెట్టండి. ఇద్దరి సంతకాలతో, కొత్త ఖాతా నంబరుతో అద్దెకున్నవాళ్లందరికీ అదే రోజు ఉత్తరం అందాలి. లేదంటే వాళ్లు తెలియక పాత ఓనర్‌కే కట్టేస్తారు, ఆ డబ్బు మళ్లీ వాళ్ల నుంచి రాబట్టడం కష్టం.

"రెండేళ్ల అద్దెకు నాదీ గ్యారంటీ" అనే ఓనర్లు కూడా తగులుతారు. చుట్టుపక్కల అలాంటి బిల్డింగుల ధరతో పోల్చి చూడండి. తరచూ ఆ రెండేళ్ల అద్దె ముందే ధరలో కలిసి ఉంటుంది, మీ డబ్బే మీకు నెలనెలా తిరిగొస్తుంది.