ఏటికొప్పాక లక్కబొమ్మలు: విశాఖలో కొనేముందు

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, విశాఖ మాల్స్‌లో విదేశీ చెక్కబొమ్మకు ట్యాగు మీదున్న ధర కిమ్మనకుండా ఇచ్చేవాళ్లే ఏటికొప్పాక బొంగరం దగ్గర గీచిగీచి బేరమాడతారు. ఇది అన్యాయం. పనితనంలో మనది ఒక మెట్టు పైనే. అంకుడు కర్రను మరమీద తిప్పుతూ రంగులక్క ఒత్తితే రాపిడి వేడికే కరిగి చెక్కకు పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలతో రంగులు. 2017లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపూ వచ్చింది.

రసాయన రంగులవీ అమ్ముతున్నారు, అడిగి కొనండి. శానిటైజర్‌తో తుడవొద్దు, ఆల్కహాల్‌కు లక్క కరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసినా మెత్తబడుతుంది. పొడిగుడ్డ చాలు. గిలక్కాయల అతుకులు మాత్రం లాగి చూడాలి: కర్ర పచ్చిదైతే ఎండాక కుంచించుకుని ఊడొస్తుంది.