ఏ రోటరీ హామర్ కొనాలి? మీ బిట్టు ఎటు చూస్తుందో ముందు చెప్పండి

"అన్నా, ఒక్కటే మెషిన్ కొనగలను. చిన్నది తీసుకోనా, పెద్దది తీసుకోనా?" రోటరీ హామర్ గురించి, అంటే ముందు తగిలించిన బిట్టును తిప్పుతూ, దెబ్బ కొడుతూ కాంక్రీట్‌లో హోల్ వేసే మెషిన్ గురించి, నెలకు రెండు మూడు సార్లయినా ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. అడిగేది ఎక్కువగా ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, ఈమధ్యే సొంతంగా పనులు పట్టుకుంటున్న కుర్రాళ్లు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొట్టు ముందు నిలబడి ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. కొట్లో వాళ్లు వాట్స్ చెబుతారు, ఎంఎం చెబుతారు. నేను మాత్రం ఒకటే అడుగుతాను: రోజులో ఎక్కువసేపు నీ బిట్టు ఎటు చూస్తుంది? పైకా, ఎదురుగానా, కిందికా?

తేల్చుకోవాల్సింది మూడు రకాల మధ్య. ఎస్‌డీఎస్ అంటే బిట్టును మెషిన్‌లో బిగించే పద్ధతి; అందులో ప్లస్ చిన్నది, మ్యాక్స్ పెద్దది. ఒకటి, మూడు కిలోల లోపు ఎస్‌డీఎస్ ప్లస్ మెషిన్. బాష్ జీబీహెచ్ 2-26, మకిటా హెచ్ఆర్2630 ఈ కోవలోవి. రెండోది, ఆరేడు కిలోల ఎస్‌డీఎస్ మ్యాక్స్. బాష్ జీబీహెచ్ 5-40, మకిటా హెచ్ఆర్4013సీ ఇందులోకి వస్తాయి. మూడోది, తిరగకుండా కొట్టడమే పనిగా ఉండే 10 కిలోల బ్రేకర్. బాష్ జీఎస్‌హెచ్ 11ఈ అలాంటిది. మా సైట్లలో ఏ కంపెనీదైనా "హిల్టీ తీసుకురా" అనే అంటారు. అసలు హిల్టీ కంపెనీ టీఈ మెషిన్లలోనూ చిన్నది, మధ్యది, పెద్దది అనే తేడాలు ఇలాగే ఉంటాయి.

బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో వేసే వాట్స్ చూసి మోసపోకండి. 2-26 డీఆర్ఈ 800 వాట్స్, 5-40 డీసీఈ 1150 వాట్స్. తేడా ఒకటిన్నర రెట్లు కూడా లేదు. అదే ఒక్కో దెబ్బలో ఉండే శక్తి చూస్తే మొదటిది 2.7 జౌల్స్, రెండోది 8.8. మూడు రెట్లకు పైనే. జీఎస్‌హెచ్ 11ఈ అయితే 1500 వాట్స్, 16.8 జౌల్స్. కాంక్రీట్ పగలాలంటే ఒక్కో దెబ్బలో బలం ఉండాలి. చిన్న దెబ్బలు నిమిషానికి నాలుగు వేలు కొట్టినా పొడి రాలుతుంది తప్ప పెళ్ల లేవదు. జౌల్స్ పోల్చేటప్పుడు ఈపీటీఏ (యూరప్ పవర్ టూల్ కంపెనీల సంఘం) పద్ధతిలో కొలిచిన అంకె అవునో కాదో కూడా చూసుకోండి. కొలత పద్ధతి రాయని బాక్స్ మీది అంకెను దీనితో పోల్చలేం.

అంత తేడా ఉన్నప్పుడు పెద్దదే మేలు కదా అంటారు. దిక్కు లెక్కలోకి వచ్చేది ఇక్కడే.

కిందికి కొట్టేటప్పుడు మెషిన్ బరువు మనకు సాయం చేస్తుంది. 10 కిలోల బ్రేకర్‌ను నేల మీద నిలబెడితే తన బరువుతోనే దిగుతుంది. మనం దారి చూపిస్తే చాలు. ఎదురుగా గోడకు కొట్టేటప్పుడు ఆ బరువంతా మన చేతుల మీద ఉంటుంది. పైకి కొట్టేటప్పుడైతే బరువు మనకు ఎదురు తిరుగుతుంది. నిచ్చెన మీద నిలబడి, తల వెనక్కి వాల్చి, కళ్లలో పొడి పడకుండా మొహం పక్కకు తిప్పుకుని స్లాబ్‌కు క్లాంప్ హోల్ వేసేవాడి చేతిలో ఏడు కిలోలు పెట్టడం న్యాయం కాదు. ఫ్లాట్ల ఇంటీరియర్, ఎలక్ట్రికల్, ఏసీ పనుల్లో పది హోల్స్ వేస్తే ఏడెనిమిది పైకో, ఎదురుగానో ఉంటాయి. పెద్దది కొన్నవాడు మొదటి నెల సంబరంగా వాడతాడు, రెండో నెల నుంచి పక్కవాడి చిన్న మెషిన్ అడుగుతాడు.

ఇంకో చిక్కు బిట్లది. ఎస్‌డీఎస్ ప్లస్ షాంక్ (మెషిన్‌లో దూరే బిట్టు తోక) 10 ఎంఎం, మ్యాక్స్ షాంక్ 18 ఎంఎం. మ్యాక్స్ బిట్లు సాధారణంగా 12 ఎంఎం నుంచి మొదలవుతాయి. రోజూ కావాల్సిన 6, 8 ఎంఎం ప్లగ్ హోల్స్‌కు అడాప్టర్ తగిలించాలి. దాంతో మెషిన్ ఇంకా పొడుగవుతుంది, దెబ్బలో కొంత అడాప్టర్‌లోనే పోతుంది. ఒక్కటే మెషిన్ కొనగలిగినవాడికి ఈ ఒక్క కారణం చాలు.

నేను ఈ పాఠం ఒక ఫ్లాట్‌లో నేర్చుకున్నాను. రెండో అంతస్తు, పాత బాత్రూమ్ ఫ్లోరింగ్ తీసి కొత్తది వేయాలి. ఒక్క రోజులో ముగించాలని ఐదు కిలోల తరగతి మెషిన్ దింపాం. పేరుకు ఐదు కిలోలంటారు కానీ తూస్తే ఏడుకు దగ్గరగా ఉంటుంది. ఉలి నిటారుగా పెట్టి కొడుతుంటే టైల్స్ పెచ్చులుపెచ్చులుగా లేచాయి, కింద గార కూడా కదిలింది. అరగంట కాకముందే కింది ఇంటావిడ పైకి పరుగెత్తుకొచ్చింది. వాళ్ల బాత్రూమ్ సీలింగ్ ప్లాస్టరింగ్ పళ్లెమంత పెచ్చు ఊడి గీజర్ పక్కన పడింది. ఆ సమయంలో లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ప్లాస్టరింగ్ మా ఖర్చుతో చేయించి ఇచ్చాం. మిగతా పని చిన్న మెషిన్‌తో చేశాం. 40 ఎంఎం ఫ్లాట్ ఉలిని టైల్‌కూ గారకూ మధ్య సందులో దాదాపు పడుకోబెట్టి లేపుతూ పోయాం. పగలగొట్టడం కాదు, ఒలవడం. ఇంకో పూట ఎక్కువ పట్టింది, కింద ఒక్క పెచ్చు రాలలేదు. అపార్ట్‌మెంట్‌లో మీ కాళ్ల కింద ఉన్నది నేల కాదు, ఇంకొకరి ఇంటి పైకప్పు. అందుకే కిందికి కొట్టే పని అయినా, పై అంతస్తుల్లో నా ఓటు చిన్నదానికే.

అలాగని చిన్నదానితో రోజంతా ఉలి పని చేయించకూడదు. నా పాత మెషిన్ ఒకటి రెండో ఏడాదిలో తిరగడం బాగానే తిరిగేది, దెబ్బ మాత్రం పడేది కాదు. విప్పి చూస్తే గ్రీజు నల్లగా మాడిపోయి ఉంది, పిస్టన్ మీది రబ్బరు ఓ-రింగ్ బిరుసెక్కి చదునైపోయింది. లోపల పిస్టన్‌కూ, బిట్టును కొట్టే స్ట్రైకర్‌కూ మధ్య ఉండేది గాలి. ఆ గాలి నొక్కుకుపోయి స్ట్రైకర్‌ను తోస్తేనే దెబ్బ. రింగ్ పోతే గాలి నిలవదు, గాలి నిలవకపోతే దెబ్బ లేదు. వేడే దాని శత్రువు. పది నిమిషాలు ఉలి పని చేశాక ఒక నిమిషం ఖాళీగా ఫుల్ స్పీడ్‌లో తిప్పండి, ఫ్యాన్ గాలికి చల్లబడుతుంది. బిట్టు మార్చిన ప్రతిసారీ షాంక్‌కు చిటికెడు గ్రీజు రాయండి. ఒంటి బరువంతా వేసి నొక్కకండి. దెబ్బ పుట్టేది గాలి వల్ల కాబట్టి ఎంత నొక్కినా బలం పెరగదు, మెషిన్ వేడెక్కడం, చేతులు పులవడం తప్ప.

ఇప్పుడు మధ్యదాని, అంటే ఎస్‌డీఎస్ మ్యాక్స్ తరఫున చెప్పాల్సింది నిజాయితీగా చెబుతాను. రీబారింగ్, అంటే పాత కాంక్రీట్‌లో కొత్త చువ్వలు నాటే పని చేసేవాళ్లకు అదే కావాలి. కెమికల్‌తో 12 ఎంఎం రాడ్ నాటాలంటే మామూలుగా 16 ఎంఎం హోల్, 16 ఎంఎం రాడ్‌కు 20 ఎంఎం హోల్ వేస్తారు. 2-26 మీద 26 అని రాసి ఉన్నా అది ఆఖరి హద్దు. దానికి హాయిగా నడిచేది 8 నుంచి 16 వరకే. కాలమ్‌లో 20 ఎంఎం హోల్ ఎనిమిది అంగుళాల లోతు వేస్తుంటే చిన్నది మూలుగుతుంది, మధ్యది నింపాదిగా దిగిపోతుంది. రోజుకు యాభై హోల్స్ పడే పని అయితే ఆలోచించకుండా ఎస్‌డీఎస్ మ్యాక్స్ కొనండి. ఒక్క జాగ్రత్త. లోపల చువ్వ తగిలి బిట్టు బిగుసుకుంటే క్లచ్ జారేలోపే మెషిన్ మణికట్టును మెలిపెడుతుంది. సైడ్ హ్యాండిల్ లేకుండా ఒక్క హోల్ కూడా వద్దు.

మధ్యది కొనేటప్పుడు వైబ్రేషన్ తగ్గించే ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. మకిటాలో 4003సీకీ 4013సీకీ ముఖ్యమైన తేడా ఇదే. యూరప్ నిబంధన ప్రకారం చేతికి తగిలే వైబ్రేషన్ ఎనిమిది గంటల పని దినానికి 5 దాటకూడదు. కొలత మీటర్స్ పర్ సెకండ్ స్క్వేర్డ్ (m/s²)లో ఉంటుంది, అంకె మాన్యువల్‌లో ఇస్తారు. 15 ఉన్న మెషిన్‌తో ఆ హద్దు 53 నిమిషాల్లో అయిపోతుంది. 9 ఉన్నదైతే దాదాపు రెండున్నర గంటలు వస్తుంది. మా సైట్లలో ఈ లెక్క చూసేవాళ్లు నాకు కనబడలేదు. ఏళ్ల తరబడి బ్రేకర్ పట్టిన మేస్త్రీలు చలికాలం పొద్దున్న టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియడం లేదంటారు. వేళ్లు మొద్దుబారడం అలసట అనుకుని వదిలేయకండి.

10 కిలోల బ్రేకర్ నాకు ఎప్పుడూ కొనే వస్తువు అనిపించలేదు. గ్రౌండ్ ఫ్లోర్ పీసీసీ (చువ్వలు లేని కాంక్రీట్), పాత మెట్లు, కాంపౌండ్ పునాది లాంటి పనులు నెలకు ఒకటో రెండో వస్తాయి. రోజు అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది. 18 కిలోల జీఎస్‌హెచ్ 16-28 సంగతీ అంతే. కూల్చడమే వృత్తి అయినవాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు.

మామూలు ఇంపాక్ట్ డ్రిల్ ఇటుక గోడలకు పనికొస్తుంది. ఇప్పుడు హైదరాబాద్‌లో లేస్తున్న మైవాన్ టవర్లలో (అల్యూమినియం అచ్చుల్లో గోడలూ స్లాబూ కలిపి పోసేవి) గోడలన్నీ కాంక్రీటే. అక్కడ దానితో ఒక ప్లగ్ హోల్ వేసేలోపు బిట్టు మాడిపోతుంది. ఆ గోడలే భవనం బరువు మోస్తాయి కాబట్టి ఏ మెషిన్‌తోనూ పైపుల కోసం గాడి కొట్టకండి. ముందు బిల్డర్ ఇంజనీర్‌ను అడగండి.

ఏ మెషిన్ కొన్నా సన్న వైరు ఎక్స్‌టెన్షన్ మీద నడపకండి. 50 మీటర్లు లాగాలంటే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడండి. సైట్ కరెంటు ముందే 200 వోల్టుల దగ్గర ఊగుతుంటే, వైరులో ఇంకొంత పోయాక దెబ్బ మెత్తబడుతుంది.

కంపెనీల మధ్య తేడా గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. మీ ఊళ్లో కార్బన్ బ్రష్‌లు, ఓ-రింగ్ ఏ కంపెనీవి ఆ రోజే దొరుకుతాయో అదే కొనండి.

పోయిన నెల నేను ఇంకో మెషిన్ కొన్నాను. ఏడు కిలోలది పాతబడింది కాబట్టి దాన్నే మార్చాలని వెళ్లి, రెండో చిన్న మెషిన్ తెచ్చుకున్నాను. పెద్దదాని ఖరీదులో చిన్నవి రెండు వస్తాయి, ఇద్దరు ఒకేసారి పని చేస్తారు. పాతది రీబారింగ్ పడినప్పుడు మాత్రమే బయటికి వస్తోంది.

ఆ మర్నాడే ఒక ఏసీ టెక్నీషియన్ కుర్రాడు కొట్టు నుంచి ఫోన్ చేశాడు. రెండు మెషిన్లూ కౌంటర్ మీద పెట్టించుకున్నాడట. పెద్దదాన్ని ఎత్తి, తల మీద స్లాబ్‌కు హోల్ వేస్తున్నట్టు ఒక నిమిషం పట్టుకో అన్నాను. లైన్‌లోనే ఉన్నాను. "ముప్ఫై సెకన్లకే దించేశాను అన్నా" అన్నాడు. చిన్నది బిల్లు వేయించి, మిగిలిన డబ్బుతో 6, 8, 10, 12 బిట్లు రెండేసి, ఒక ఫ్లాట్ ఉలి, కళ్లద్దాలు, ఎన్95 మాస్కుల ప్యాకెట్ తీసుకోమని చెప్పాను.