కెటిల్ కింద క్రాలర్: మూడేళ్ల వాడకం తరువాత

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని ఓమరూలో, సున్నపురాతితో కట్టిన విక్టోరియా కాలపు భవనాల మధ్య, జూన్ మొదట్లో స్టీమ్‌పంక్ ఉత్సవం జరుగుతుంది. (ఆ ఊరి పేరు విన్నప్పుడల్లా ‘ఓమారు వచ్చి పో’ అని పిలిచినట్టే ఉంటుంది నాకు.) ఆవిరి యంత్రాల యుగం ఇంకా ముగియలేదని ఊహించుకొని వేషాలు కట్టే ఈ సరదాలో రిమోట్‌తో నడిచే టీ పాత్రల పందెం కూడా ఒకటి. వాలుబల్లలు, వంతెనలు, ఇరుకు మలుపులు దాటించడంలోని నేర్పుతో పాటు అలంకరణనూ చూస్తారు కాబట్టి, వేగంగా పరుగెత్తే బండి కన్నా బోర్లా పడని బండే ఇక్కడ ముఖ్యం. ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఒక పింగాణీ పాత్ర ఖర్చయింది.

మొదట కొన్న ఆ పాత్ర 700 గ్రాములు తూగేది. దానిని వేగంగా పోయే చిన్న రేసు కారు మీద జిగురుతో అంటించాను. సాధనలోనే వాలుబల్ల చివర ముందుకు తూలి, కొమ్ము ఒక మూలకు, పిడి ఒక మూలకు పోయాయి. ఆ తరువాత హైదరాబాద్ వచ్చినప్పుడు బేగంబజార్‌లో ఇరానీ చాయ్ పోసే రకం అల్యూమినియం కెటిల్, అర లీటరుది, కొని తెచ్చుకున్నాను. దాని బరువు 280 గ్రాములే. కింద చక్రాల కోసం 1:24 స్కేలు (అసలు బండిలో ఇరవై నాలుగో వంతు) రాక్ క్రాలర్, అంటే రాళ్లు గుట్టలు ఎక్కే రిమోట్ బొమ్మ బండి, తీసుకున్నాను. నెమ్మదిగా, కానీ బలంగా లాగే ఈ జోడీయే ఇప్పటికీ నడుస్తోంది.

కెటిల్‌ను చట్రం మీద ఊరికే కూర్చోబెడితే ఎత్తు పెరిగిపోతుంది. అందుకని అడుగున 7 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం కోసి, మోటారు, బ్యాటరీ లోపలికి వచ్చేలా 2 సెంటీమీటర్లు కిందికి దించి, రబ్బరు వాషర్లు వేసి మూడు బోల్టులతో బిగించాను. వీడియో కాల్‌లో ఆ రంధ్రం చూసి మా అమ్మ, “చిల్లు పెట్టడానికేనట్రా అంత దూరం మోసుకుపోయావు?” అంది.

ఆ చిల్లు వల్ల మరో చిక్కు కూడా వచ్చింది. రిమోట్ సిగ్నల్‌ను అందుకొనే రిసీవర్ మొత్తం లోహపు పాత్రలో చిక్కుకోవడంతో పది మీటర్లు దాటేసరికి సిగ్నల్ తెగిపోయి, బండి ఎక్కడిదక్కడే ఆగిపోయేది. పొడవాటి యాంటెన్నా ఉన్న రిసీవర్ వేరే కొని, ఆ తీగను కెటిల్ కొమ్ములోంచి ప్లాస్టిక్ గొట్టంలో బయటికి తీశాను. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లలో సిగ్నల్ అందుకొనేది తీగ చివర పైతొడుగు లేని 31 మిల్లీమీటర్ల ముక్కే కాబట్టి, అది మాత్రం పూర్తిగా బయట ఉండాలి. చూసేవారికి అది ఆవిరి గొట్టంలా కనిపించడం నా అదృష్టం.

అలంకరణలో నేను చేసిన పెద్ద తప్పు ఇత్తడి. పాత గడియారాల పళ్ల చక్రాలు, ఒక ప్రెషర్ మీటరు, పెంబర్తి నగిషీ పనిని తలచుకొని నేనే కొట్టిన రేకు పట్టీ, అన్నీ మూత దగ్గరే పేర్చాను. అందం వచ్చింది గానీ, మొదటి పక్కవాలులోనే బండి పడుకుంది. ఇప్పుడు పైన పట్టీ ఒక్కటే మిగిలింది. పళ్ల చక్రాల స్థానంలో బంగారు రంగు పూసిన అట్టముక్కలు ఉన్నాయి. అసలైన ఇత్తడిని మాత్రం బరువు రింగుల రూపంలో ముందు చక్రాల లోపల పెట్టాను. ఆ ఒక్క మార్పుతో, ఇదివరకు వెనక్కి దొర్లిన వాలు మీదే బండి నిబ్బరంగా ఎక్కుతోంది. ఎపాక్సీ జిగురుతో అంటించేవారు అల్యూమినియాన్ని గరుకు కాగితంతో బాగా రుద్దాలి. నున్నటి ఉపరితలం మీద అంటించినవన్నీ నాకు ఏడాదిలోపే ఊడిపోయాయి.

క్రాలర్‌తో పాటు వచ్చిన స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు) మీద నాకు ఫిర్యాదు ఉంది. దాని ప్లాస్టిక్ పళ్లు కెటిల్ బరువుకు ఆరు నెలల్లో అరిగిపోయాయి. లోహపు పళ్ల సర్వోను మొదటి రోజే వేయించుకోవడం మేలు. 7.4 వోల్టుల, 350 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ దాదాపు ఇరవై నిమిషాలు వస్తుంది, అది చాలు. అయితే జూన్ అక్కడ చలికాలం. చల్లబడిన బ్యాటరీ వాలు ఎక్కేటప్పుడు నీరసించిపోతుంది కాబట్టి, వంతు వచ్చేదాకా దానిని కోటు లోపలి జేబులో పెట్టుకుంటాను.

మూత గలగల ఇంకా పోలేదు. అయస్కాంతం పెడదామంటే అల్యూమినియానికి అంటదు, టేపు వేస్తే బ్యాటరీ మార్చిన ప్రతిసారీ పీకాలి. ప్రస్తుతానికి సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు వలయాన్ని అంచుకు తొడిగాను.