20 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ: మా ఇంట్లో ఒక ఆదివారం వాడకం

ఈ మధ్య పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలను వెతికి మరీ కొంటున్నారు కదా, అలాంటి సెట్టుతో ఏళ్ల తరబడి గడిపిన ఇంటివాడిగా ఒక రివ్యూ రాయాలనిపించింది. మాది 20 అంగుళాలది. చెక్క పెట్టె, ముందు పక్కలకు జరిగే తలుపులు, వాటికి తాళం. తాళంచెవి నాయనమ్మ కొంగుకు ఉండేది. నేను చెప్పబోయేది 1988 చివర్లో ఒక ఆదివారం గురించి, అప్పటికి దూరదర్శన్‌లో మహాభారతం సీరియల్ మొదలై (అక్టోబరు 2న మొదలైంది) కొన్ని వారాలే అయింది.

ముందు సిగ్నల్ సంగతి. మాది భువనగిరి, స్టేషన్ హైదరాబాద్ రామంతాపూర్‌లో. అంత దూరం నుంచి అందుకోవాలంటే డాబా మీద పొడుగాటి ఇనుప పైపు, దాని చివర యాంటెన్నా, దానికో బూస్టర్ ఉండాల్సిందే. రాత్రి గాలి గట్టిగా వీచినా, కోతి ఎక్కి ఊపినా పొద్దున తెర నిండా చుక్కలే. అప్పుడు అన్న డాబా మీదికి, నేను మెట్ల మధ్యలోకి, అక్క టీవీ ముందుకి. "వచ్చిందా?" అని అన్న అరిస్తే ఆ మాట నేను లోపలికి అరవాలి, "బొమ్మ వచ్చింది, సౌండ్ పోయింది" అని అక్క అంటే అది మళ్లీ పైకి చేరవేయాలి. బొమ్మ పక్కనే నీడలా ఇంకో బొమ్మ కూడా కనపడేది. సిగ్నల్ గుట్టకు తగిలి కాస్త ఆలస్యంగా వస్తుందని, అందుకే అలా రెండు కనిపిస్తాయని రిపేరు చేసే ఆయన చెప్పాడు. భువనగిరి గుట్ట చూసినవాళ్లకు నమ్మడం కష్టం కాదు, ఊరంతటికీ అడ్డంగా నిలబడ్డ ఒక్కటే రాయి అది.

ఇంకో తలనొప్పి, బొమ్మ పైకి పరుగెత్తడం. దాన్ని ఆపే వర్టికల్ హోల్డ్ బటన్ మా సెట్టుకు వెనక వైపు ఉండేది. తిప్పేవాడికి తెర కనిపించదు, కాబట్టి ముందు ఒకరు కూర్చుని "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగాగు" అని చెప్పాల్సిందే.

ఇంత కష్టపడ్డాక మహాభారతం చూస్తే... పూర్తి మార్కులు, అందులో అనుమానం లేదు. అందరూ హిందీ రాకపోయినా చూశాం అంటుంటారు, మా ఇంట్లో జరిగింది కొంచెం వేరు. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదివిన బాపుకు హిందీ బాగా వచ్చు, కానీ ఈ సీరియల్ భాషకు మాత్రం ఆయనే తడబడేవారు. మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా గారు, సంస్కృతం బాగా కలిపి రాశారు. ప్రతిజ్ఞ, ధర్మం, అన్యాయం, వచనం, ఇవన్నీ మన మాటలే కదా. హిందీ ముక్క రాని నాయనమ్మ టకటకా అర్థం చెప్తుంటే బాపు పక్కన కూర్చుని వినేవారు! రంగు కూడా ఆమే చెప్పేది. కృష్ణుడు వస్తే "పీతాంబరం, పసుపు పచ్చగ ఎంత మంచిగున్నదో చూడుండ్రి" అనేది. తెర మీద ఉన్నది బూడిద రంగే. పైన నీలం, కింద ఆకుపచ్చ ఉండే ప్లాస్టిక్ షీటు ఒకటి బజారులో దొరికేది, తెరకు తగిలిస్తే కలర్ టీవీ అనేవాళ్లు. మేమూ తెచ్చాం. మనుషుల మొహాలు సగం నీలంగా కనిపించేసరికి రెండో రోజే నాయనమ్మ తీయించేసింది, నాకూ అది అస్సలు నచ్చలేదు, కొనొద్దు.

మధ్యాహ్నం బధిరుల వార్తలు, ఆ తర్వాత ప్రాంతీయ భాషా చిత్రం. ఆ రోజు బెంగాలీది వచ్చింది. బాపు నిద్రపోయారు, పక్కింటివాళ్లు వెళ్లిపోయారు. కింద తెల్లగా వచ్చే ఇంగ్లీష్ అక్షరాలు అక్క చదివి చెప్పేది, కానీ తెల్ల పంచె కట్టినవాళ్లు వస్తే అక్షరాలు ఆ తెలుపులో కలిసిపోయి కనిపించవు. "ఆమె ఏమన్నదో నాకు తెలిసింది, నువ్వు ఊకో" అంది అమ్మ, చేటలో బియ్యం పక్కన పెట్టేసి. వారమంతా పనిలో ఉండే మనిషి అలా కదలకుండా కూర్చోవడం నేను చూసింది ఆ సినిమాకే.

సాయంత్రం లైట్లు వెలిగేసరికి వోల్టేజీ పడిపోయి బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయేది, స్టెబిలైజర్ టకటకలాడేది. సౌండ్ మాత్రం చివరిదాకా గట్టిగా వచ్చేది, చెక్క పెట్టె కాబట్టి గొంతు నిండుగా వినిపిస్తుంది. తెలుగు వార్తల్లో శాంతి స్వరూప్ గారి గొంతు ఈ రోజుకీ నాకు ఆ పెట్టెలోంచి వచ్చినట్టే గుర్తుంది.

ఇప్పుడు కొనేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఇప్పుడు యాంటెన్నా పెట్టినా చుక్కలే వస్తాయి, సెట్‌టాప్ బాక్సు లాంటిదాన్ని ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ (బొమ్మను, సౌండ్‌ను పాత టీవీ అందుకునే యాంటెన్నా సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె) ద్వారా కలపాలి. వెనక మూత మాత్రం మీరు తీయొద్దు, ఆపేసిన తర్వాత కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల చార్జి నిలిచి ఉంటుంది, తెలిసినవాళ్లకే ఇవ్వండి. వర్టికల్ హోల్డ్ ముందు వైపున్న సెట్లూ ఉంటాయి, ఒక్కరే చూసేట్టయితే అవి సులువు. నాకు దొరికితే వెనక ఉన్నదే తీసుకుంటా, అక్కను పిలిచి ముందు కూర్చోబెడతా.